ఏసీసినాను

నేను కోర్టులో అబద్ధం చెప్పలేదు. ఈ మాట ముందే చెప్పేస్తే నాకు కాస్త ఊపిరాడుతుంది. అబద్ధం చెప్పి మనిషిని జైలుకు పంపినవాళ్లు లోకంలో చాలామందే ఉంటారు. నిజం చెప్పి, సొంత చెల్లెలి మొగుణ్ణి తొమ్మిదేళ్లు లోపలికి తోసినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే.

నా పేరు పోలారావు. వజ్రపుకొత్తూరు దాటాక సముద్రం ఒడ్డున ఉన్న మా పల్లెలో బ్రాంచి పోస్టుమాస్టర్ని. మావాళ్లందరూ వేటకు వెళ్లేవాళ్లే. నాకు మాత్రం పడవెక్కితే వాంతులు. అందుకని మా నాన్న నన్ను చదువులోకి తోసేశాడు. ఊళ్లో ఎవరికి ఏ కాగితం వచ్చినా చదివి పెట్టేది నేనే, ఏ అర్జీ కావాలన్నా రాసి పెట్టేది నేనే. ఏ మాటకు ఏ అర్థమో నాకు తెలిసినంత ఈ చుట్టుపక్కల ఎవరికీ తెలియదని పొగరు కూడా ఉండేది. ఆ పొగరు ఎలా అణిగిందో చెప్తాను.

మా ఊళ్లో అలివి వల వేస్తారు. తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్కలో చెప్తాను. వల తాడు ఒక కొస ఒడ్డునే ఉంటుంది. పడవ సముద్రంలోకి వెళ్లి, వలంతా నీళ్లలో దించుకుంటూ గుండ్రంగా తిరిగి, రెండో కొసను ఒడ్డుకు తెస్తుంది. ఒడ్డునున్నవాళ్లు ఆడా మగా రెండు జట్లుగా నిలబడి రెండు తాళ్లూ లాగుతారు. వల దించేవాడు పడవ వెనక కొమ్ము మీద నిలబడి, ఆఖరి మూర నీళ్లలో పడగానే గొంతెత్తి అరుస్తాడు.

"ఏసీసినా...ను!"

వేసేశాను అని అర్థం. ఆ కేక పడ్డాకే ఒడ్డున తాడు బిగియాలి. ముందే లాగితే ఒకవైపు వల పైకి లేచి, చేపంతా కింద నుంచి జారిపోతుంది. మా ఊళ్లో పన్నెండేళ్లపాటు ఆ కొమ్ము మీద నిలబడినవాడు మా చెల్లి కాంతమ్మ మొగుడు ఢిల్లీరావు. అతని కేక కొబ్బరితోటలు దాటి పోయేది. ఆ కేక విని ఇళ్లల్లో ఆడవాళ్లు పొయ్యిలు వెలిగించేవాళ్లు, చేపల కూర ఖాయమని.

పెద్ద వల లేని రోజుల్లో చిన్న వల తీసుకుని తెప్ప మీద ఒక్కడే వెళ్లేవాడు. వేశాక నాకు ఫోన్ చేసేవాడు. సముద్రం మీదికి పోలేని నాకు మా కుటుంబంలో ఇచ్చిన ఉద్యోగం అదే. ఫోన్ రాగానే లేచి, నలుగురిని లేపి, తాడు దగ్గరికి తోలుకెళ్లడం.

రెండువేల పదిహేను ఆగస్టులో ఒక తెల్లవారుజామున అలాగే ఫోన్ వచ్చింది.

"బావా, ఏసీసినాను. ఒక్కన్నే. బేగి రా, లాగీయాల."

నేను వెళ్లాను. లాగాం. నాలుగు కవళ్ల చేపలు, రెండు పీతలు పడ్డాయి. అంతే. ఇళ్లకు వెళ్లి చద్దన్నం తినేసరికి తెలిసింది, ఏరు సముద్రంలో కలిసేచోట, ఏటి మొగలో, తారకేశ్వరరావు శవం తేలిందని. తల మీద దెబ్బ ఉంది. గట్టు మీద నుంచి నీళ్లదాకా ఈడ్చిన జాడ ఉంది.

తారకేశ్వరరావు పక్కనున్న మెట్ట ఊరి ఆసామి కొడుకు. కొబ్బరితోటలు, జీడితోటలు వాళ్లవే. ఆ ఏడు కొత్తగా రొయ్యల చెరువులు తవ్వించి, ఆ మురుగునీరు మా ఏటి మొగలోకి వదిలాడు. ముందురోజే ఢిల్లీరావు అందరి ముందూ అతనితో పోట్లాడి, నీ అంతు సూత్తానన్నాడు. అలాంటి మాట కోపం వస్తే నేనూ అంటాను, మీరూ అంటారు. పోలీసులకు మాత్రం ఆ మాట చాలింది. సాయంత్రానికి ఢిల్లీరావును తీసుకెళ్లారు. నా ఫోన్ కూడా తీసుకెళ్లారు. ఆ ఫోన్‌లో నా వేలు ఎప్పుడు ఏ బటన్ మీద పడిందో ఏమో, మాట్లాడినవన్నీ దానంతటదే రికార్డు చేసుకుంటోందని నాకు అప్పుడే తెలిసింది.

ఆ సాయంత్రమే తారకేశ్వరరావు తల్లి లక్ష్మీకుమారి మా ఒడ్డుకు వచ్చింది. మా గంగమ్మ గుడి ముందు నిలబడి, ఊరందరూ వింటుండగా అంది. "నా కొడుకుని సంపినోడు ఢిల్లీరావే." ఆమెను నేను తప్పుపట్టను. పోలీసులు చెప్పినమాట ఆమె నమ్మింది.

ఇక కోర్టు. దర్యాప్తు చేసినాయనది పై జిల్లా. వాదించినాయనది పై జిల్లా. విన్నాయనదీ పై జిల్లానే. వాళ్ల వైపు 'వేసేశాను' అంటే మనిషిని చంపేశానని అట. నన్ను బోనులో నిలబెట్టి సర్కారు వకీలు కాగితం చదివాడు.

"బావా, వేసేశాను. ఒక్కడినే. త్వరగా రా, లాగేయాలి. ముద్దాయి నీతో ఈ మాటలు అన్నాడా?"

"అన్నాడండి, కానీ..."

"అన్నాడా, లేదా?"

"అన్నాడండి. అది వలండి..."

"అడిగినదానికే చెప్పు."

నేను నోరు మూసుకున్నాను. కోర్టంటే భయం, నల్లకోటంటే భయం. నాకన్నా తక్కువ చదివినవాడైతే బల్ల గుద్ది చెప్పేవాడేమో. నాకు పెద్దవాళ్ల ముందు ఎదురు మాట్లాడకూడదని చదువు నేర్పింది. నేను చెప్పింది ఇంగ్లీషులో టైపు కొట్టారు. 'అతణ్ణి నేను అంతం చేశాను, శవాన్ని ఈడ్చాలి, రా' అని ఢిల్లీరావు అన్నాడని. మావైపు వకీలు వల సంగతి ఎత్తాడు గానీ, నాతో తాడు పట్టినవాళ్లంతా చుట్టాలే, వాళ్ల సాక్ష్యం చెల్లదన్నారు, పంచనామాలో వల ఎక్కడుందని అడిగారు. పంచనామా రాసినాయనకు వల కనబడలేదు. మా ఊళ్లో వల కనబడకపోవడమంటే పలాసలో జీడిపప్పు కనబడకపోవడమే. ఏం చెప్పను.

ఏడాది తిరక్కుండానే యావజ్జీవం వేశారు. కోర్టు బయట కాంతమ్మ నా వైపు ఒక్కసారి చూసింది. ఆ తర్వాత తొమ్మిదేళ్లు నాతో మాట్లాడలేదు. రోజూ పలాస వెళ్లే ఆటోలో జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళ్లేది, వచ్చేది. నా పోస్టాఫీసు ముందునుంచే దారి. తల తిప్పేది కాదు. నేను పంపిన బియ్యం బస్తా వాకిట్లోనే తడిసి మొలకలొచ్చింది.

ఊళ్లో ఇంకొకటి జరిగింది. ఆ మాట పోయింది. ఎవరూ పోగొట్టమని చెప్పలేదు. మొదటిసారి పెద్ద వల దించినప్పుడు ఢిల్లీరావు చోట నిలబడిన కుర్రాడు వాసు, నోరు తెరిచి, ఒడ్డున కాంతమ్మను చూసి మూసేశాడు. కేక లేక ఒక తాడు ముందు, ఒక తాడు వెనక లాగి వల చింపుకున్నాం. అప్పుడు నేనే పలాసలో ఆటవస్తువుల షాపుకు వెళ్లి ఒక విజిల్ కొన్నాను. వాసు చెయ్యి ఊపితే నేను ఊదేవాణ్ణి. తొమ్మిదేళ్లు మా ఊరు రైల్వే స్టేషన్‌లా విజిల్ మీద నడిచింది. ఇళ్లల్లో కూడా ఎసట్లో బియ్యం పోసీసినాను అనేవారు, దండెం మీద బట్ట ఆరబెట్టీసినాను అనేవారు. ఏసీసినాను మాత్రం ఎవరూ అనలేదు.

హైకోర్టులో అప్పీలు ఏళ్లతరబడి పడుకుంది. చివరికి ఉచితంగా వాదించమని సాహిత్య అనే అమ్మాయికి అప్పగించారు. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. మా జిల్లాలోనే జలంత్రకోటలో కొబ్బరి రైతు మనవరాలు. ఆ పిల్ల కాగితాలు చదవడం పక్కనపెట్టి ముందు రికార్డు విందట. వినగానే నాకు ఫోన్ చేసింది.

"పోలారావు గారూ, ఇది వల కాదేటండి?"

నాకు ఏడుపొచ్చింది. రోడ్డు మీద నిలబడి ఏడ్చాను. "వలేనమ్మా," అన్నాను.

"మా నాయనమ్మ ఆవుకి గడ్డి ఏసినా అదే మాటంటాది. ఇన్నేళ్లూ ఎవులూ సెప్పలేదా?"

"అడిగినదానికే సెప్పమన్నారమ్మా."

"నాను అడుగుతన్నాను. సెప్పండి. మీ ఫోన్‌లో రికార్డయింది ఇదొక్కటేనా?"

అప్పటికి నాకు బుర్ర వెలిగింది. ఆ దిక్కుమాలిన ఫోన్ ఒక్కరోజు రికార్డు చేసి ఊరుకుంటుందా? సాహిత్య కోర్టు వస్తువుల్లోంచి ఆ ఫోన్‌ను పైకి తెప్పించింది. అందులో ఆ వేసవి నుంచి ఆగస్టు దాకా ఢిల్లీరావు చేసినవి నలభై ఒక్క ఫోన్లు ఉన్నాయి. నలభై ఒక్కసారీ అదే మాట. బావా, ఏసీసినాను, బేగి రా, లాగీయాల. జడ్జీల ముందు ఒకదాని తర్వాత ఒకటి వినిపించి, ఆ పిల్ల ఒక్కటే అడిగింది. "మరి ఈ నలభై ఒక్క రోజుల్లో నలభై ఒక్కమందిని చంపాడా, అయ్యా?"

రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉన్నవాడు ఆ వారమే ఊరొదిలి పోయాడనీ, వాణ్ణి ఎవరూ వెతకలేదనీ కూడా చూపించింది. ఇప్పుడు వెతుకుతున్నారు. సంశయలాభం కింద ఢిల్లీరావును విడుదల చేశారు.

సంశయలాభం. నాకు ఆ మాట మీద కూడా కోపమే. కోర్టు వదిలేసింది గానీ, నువ్వు చంపలేదు అనలేదు. 

అతను పలాసలో రైలు దిగినరోజు మా ఊరు సగం స్టేషన్‌కు వెళ్లింది. నేను వెనకాల నిలబడ్డాను. సన్నబడ్డాడు, గడ్డం నెరిసింది, చేతులు మెత్తబడ్డాయి. అందరినీ పలకరించి, నా దగ్గరికి వచ్చి చేతులు జోడించాడు.

"బాగున్నారా, పోస్టుమాస్టరు గారూ?"

బావా అనలేదు. కొట్టినా బాగుండేది. పైగా ఆ మాటతీరు మాది కాదు, పుస్తకంలోది. వచ్చాను, తిన్నాను, వెళ్తున్నాను అని ప్రతి అక్షరం కడిగి ఆరబెట్టినట్టు మాట్లాడుతున్నాడు. జైల్లో అలా నేర్చుకున్నాడు. తన యాసే తనను లోపల వేసిందని ఇక దాన్ని నోట్లోకి రానివ్వలేదు. మా ఊళ్లో మా మనిషి అలా మాట్లాడుతుంటే వినడం నాకు చేతకాలేదు.

రెండు రోజులు విశ్రాంతి తీసుకుని, మూడోరోజు పొద్దున్న పడవ దగ్గరికి వెళ్లాడు. వాసు వెంటనే కొమ్ము వదిలి కిందికి దిగాడు. "రా మావా, నీ సోటు నీకే," అన్నాడు. కాని జోగమ్మ కర్ర అడ్డం పెట్టింది. ఎనభై ఏళ్ల జోగమ్మ మా కులానికి రూల్ పుస్తకం.

"మాట పడ్డోడు వల ముట్టకూడదు," అంది. "గంగమ్మ గుడి ముందర మాట అన్నారు. అన్నోళ్లే తియ్యాల."

"కోర్టు తీసీసింది గదే," అన్నాడు వాసు.

"కోర్టుకీ సేపలకీ ఏటి సంబందం?"

ఆ కట్టుబాటు నాకూ తెలుసు. మా తాతల నాటిది. నింద పడిన మనిషి చెయ్యి వల మీద పడితే సముద్రం ఒప్పుకోదని మావాళ్ల నమ్మకం. నిందించినవాళ్లు అదే చోట, అందరి ముందూ, మాట వెనక్కి తీసుకోవాలి. ఢిల్లీరావు ఒక్క ముక్క వాదించలేదు. వెనుదిరిగి ఇంటికి వెళ్లి, గోడకు ఆనుకుని కూచున్నాడు. వారం గడిచింది, నెల గడిచింది. వేటకు పోని వేటగాడు ఇంట్లో ఎలా ఉంటాడో మీరు చూసి ఉండరు. కాంతమ్మ ఫ్యాక్టరీకి వెళ్తూ తలుపు దగ్గరికి వేసి వెళ్లేది. వచ్చేసరికి అతను అలాగే ఉండేవాడు. జైలు వదిలిందనుకున్నాం గానీ, అతను మాత్రం ఇంకా విడుదల కాలేదు. సముద్రం అతని చేతికి రాకపోతే ఇక ఎప్పటికీ కాడని నాకు అర్థమైంది.

ఎవడు నోరు మూసుకున్నందువల్ల ఇదంతా జరిగిందో వాడే నోరు తెరవాలి. జడ్జిమెంటు కాపీ చేతపట్టుకుని లక్ష్మీకుమారి ఇంటికి వెళ్లాను.

ఆమె తోటలో వసారా మీద కూచుని జీడిపిక్కలు ఎండబెట్టిస్తోంది. మొగుడు పోయాడు, కొడుకు పోయాడు, తోటలు చూసుకునేది ఆమే. నేను కాగితం చాపాను. తీసుకోలేదు.

"సదివీసినాను, పోస్టుమాస్టరూ. అప్పుడొక కాగితం సంపినాడంది. ఇప్పుడొక కాగితం ఏమో తెలీదంది. కాగితాలతో నా కొడుకు వత్తాడా?"

"రాడమ్మా. కానీ ఆయన సంపలేదు. అది వల మాట."

"నాకు సెప్పకు. సంపీసినాను అన్నాడని పేపర్లో సదివినాను. వల అని మీరు తరవాత పుట్టించినారు."

నేను ఏదో అనబోతున్నాను. అంతలో పశువుల పాక వైపు నుంచి పనిమనిషి వసంత వస్తూ కనబడింది. లక్ష్మీకుమారి మాట మధ్యలో ఆపి, అలవాటు కొద్దీ గొంతెత్తి అడిగింది.

"వసంతా, ఆవుకి గడ్డి ఏసీసినావా?"

"ఏసీసినానమ్మా."

ఇంతే జరిగింది. వసంత చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయింది. లక్ష్మీకుమారి మాత్రం చేతిలో జీడిపిక్క పట్టుకుని అలాగే ఉండిపోయింది. నేను నోరు మెదపలేదు. జీవితంలో ఒక్కసారైనా నోరు మూసుకోవలసిన చోట మూసుకున్నాను. ఆ పిక్కను కింద పెట్టి ఆమె అడిగింది.

"ఈ మాటేనా?"

"ఈ మాటేనమ్మా."

"పేపర్లో సంపీసినాను అని ఉన్నాది."

"ఇంగ్లీషులోకి మార్చి, మళ్లీ తెలుగులోకి తెచ్చారమ్మా. మధ్యలో మాట చచ్చిపోయింది."

ఆమె కళ్లు తుడుచుకోలేదు, కారనిచ్చింది. "తొమ్మిదేళ్లు ఆడికి శాపనార్థాలు పెట్టినాను," అంది. తర్వాత మెల్లగా, "ఆడి నోట ఒక్కసారి ఇనాల. ఆ దినం ఎలాగన్నాడో అలాగే. ఇంటే నాకు తెలుత్తాది. తల్లిని గదా, తెలుత్తాది. అప్పుడు మాట తీత్తాను," అంది.

నేను ఎగురుకుంటూ ఊరికి వచ్చాను. ఢిల్లీరావు విని తల అడ్డంగా ఊపాడు.

"ఆ పదం నేను వాడను, పోస్టుమాస్టరు గారూ. జైల్లో నా పేరే అది. ఏసీసినోడా, ఇలా రారా అనేవారు. గిన్నె కడగమన్నా అదే పిలుపు. అనమంటే గొంతు వస్తుందో రాదో."

కాంతమ్మ గుమ్మంలో నిలబడి వింటోంది. నా వైపు చూడకుండా మొగుడితో అంది.

"ఆ మాట నీ తాతది. నీ బాబుది. ఎవుడో తప్పుగా రాసుకున్నాడని ఆడికి ఇచ్చీడానికి నీకేటి అక్కు?"

అతను లేచాడు. లక్ష్మీకుమారి ఇంటికి వెళ్దామని చొక్కా వేసుకున్నాడు. 

ఇక్కడో చిక్కుంది. అతను వల ముట్టాలంటే ఆమె మాట తీయాలి. ఆమె మాట తీయాలంటే అతను కేక వెయ్యాలి. ఇంటి వసారాలో కూచుని అంటే అది కేక కాదు, అప్పగించిన పాఠం. కేక కొమ్ము మీద నుంచే రావాలి. రాత్రంతా తిరిగి తిరిగి ఆలోచించాను. ఇరవై ఏళ్లుగా తపాలా శాఖ రూల్ పుస్తకం చదివినవాణ్ణి. రూలులో లేని మాట కలపకూడదనేది నాకు వెన్నతో పెట్టిన విద్య. పొద్దున్నే జోగమ్మ దగ్గరికి వెళ్లాను.

"పెద్దమ్మా, మాట పడ్డోడు వల ముట్టకూడదు. అంతే గదా?"

"అంతే."

"పడవెక్కకూడదని ఉందా?"

జోగమ్మ ఆలోచించింది. "నేదు."

"కేకెయ్యకూడదని?"

"గొంతు ఆడిదిరా. దానికెవులు అడ్డం?" అని, నా ఎత్తు అర్థమై నోట్లో పళ్లు లేకుండానే నవ్వింది. "సదూకున్నోడివనిపించినావు రా ఇన్నాళ్లకి."

ఆదివారం పొద్దున ఏడు గంటలకు ఊరు మొత్తం ఒడ్డున ఉంది. లక్ష్మీకుమారి కారు తోట చివర ఆపించి, ఇసుకలో నడిచి వచ్చి గంగమ్మ గుడి పక్కన నిలబడింది. ఎవరూ ఆమెతో మాట్లాడలేదు. జోగమ్మ ఒక్కతే పీట వేయించింది, ఆమె కూచోలేదు.

ఢిల్లీరావు పడవెక్కాడు. కొమ్ము మీద నిలబడి, వల పొరపాటున కూడా తగలకుండా రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. అతని పక్కన కింద నిలబడి వాసు వల దించుతున్నాడు. పడవ అల దాటింది. గుండ్రంగా తిరిగింది. వల మూరలు మూరలుగా నీళ్లలోకి పోతోంది. ఇటు రెండు తాళ్ల దగ్గరా జనం చేతులు వేసి సిద్ధంగా ఉన్నారు. నా జట్టులో నా ముందు కాంతమ్మ ఉంది. ఆమె వీపు తప్ప నాకు ఏమీ కనబడటం లేదు.

వాసు చెయ్యి ఊపాడు. ఆఖరి మూర పడిపోయింది.

కేక రాలేదు.

పడవ మీద అతను అలాగే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నీటి పోటుకు తాడు పక్కకు లాగుతోంది. ఇంకాసేపు ఆగితే వల మెలిపడుతుంది, చేప పోతుంది. జనం నా వైపు చూడసాగారు. అలవాటు అలాంటిది. నా చెయ్యి జేబులోకి పోయింది, విజిల్ బయటికి వచ్చింది, పెదవుల దాకా వెళ్లింది. ఊదేసేవాణ్ణి. భయపడటం నాకు అంత బాగా వచ్చు.

కాంతమ్మ వెనక్కి తిరిగి నా చేతిలోంచి విజిల్ లాక్కుంది.

"ఆగన్నా," అంది. "అరుత్తాడు."

తొమ్మిదేళ్ల తర్వాత నా చెల్లి నాతో అన్న మొదటి మాట అది. నేను ఆగాను. ఊరంతా ఆగింది. 

అప్పుడు కొమ్ము మీద మనిషి తల వెనక్కి వాల్చాడు. చేతులు విప్పి రెండు పక్కలా చాచాడు.

"ఏసీసినా...ను!"

మొదట గొంతు జీరగా వచ్చింది. మధ్యలో విరిగింది. మళ్లీ లేచింది. అల మీదుగా, మా తలల మీదుగా, గుడి మీదుగా కొబ్బరితోటల్లోకి పోయింది. తొమ్మిదేళ్లుగా వినని కేక. ఇసుకలో ఆడుకుంటున్న పిల్లలు కూడా లేచి నిలబడ్డారు. వాళ్లు పుట్టాక ఎప్పుడూ వినలేదు గదా. ఒడ్డున ముసలివాళ్లు ఏడుస్తున్నారు, నవ్వుతున్నారు. ఎవరూ చెప్పకుండానే రెండు జట్లూ ఒక్క గొంతుతో బదులిచ్చాయి.

"లాగీసినా...మో!"

తాళ్లు బిగిశాయి. మడమలు ఇసుకలో దిగబడ్డాయి. పడవ మీద అతను ఇంక ఆగలేదు. మళ్లీ అరిచాడు, మళ్లీ అరిచాడు. అవసరం లేదు, వల ఎప్పుడో పడిపోయింది. అయినా అరుస్తున్నాడు. తొమ్మిదేళ్ల కేకలన్నీ ఉన్నాయి మరి.

నేను తాడు లాగుతూ గుడి వైపు చూశాను. లక్ష్మీకుమారి లేదు. వెళ్లిపోయిందనుకున్నాను. అంతలో నా వెనక ఎవరో తాడు పట్టుకున్నట్టు బరువు తగ్గింది. తిరిగి చూస్తే ఆమే. చెప్పులు ఎక్కడో వదిలేసింది. చీర కుచ్చిళ్లు తడిసిపోయాయి. తాడు పట్టుకోవడం తెలియక, గుంజ పట్టుకున్నట్టు రెండు చేతులతో బిగించి పట్టుకుంది.

"ఆ దినం ఫోన్‌లో కూడా ఇలాగే అన్నాడా?" అని అడిగింది.

"ఫోన్ గనక మెల్లగా అన్నాడమ్మా. మాట ఇదే."

"ఊఁ," అంది. లాగింది.

వల ఒడ్డెక్కేసరికి తొమ్మిదయింది. కవళ్లు, కానాగంతలు, వల సంచి నిండా తెల్లగా కొట్టుకుంటున్నాయి. పెద్ద వేట కాదు, చిన్నదీ కాదు. ఢిల్లీరావు పడవ దిగి వచ్చి, వలకు నాలుగడుగుల దూరంలో చేతులు వెనక్కి కట్టుకుని ఆగిపోయాడు. మా ఊళ్లో తాడు పట్టిన ప్రతి చేతికీ వాటా ఉంటుంది, బాటసారి పట్టినా సరే. వాసు ఒక గిన్నెలో చేపలు తీసి లక్ష్మీకుమారి ముందు పెట్టాడు. ఆమె అరచేతులు తాడు ఒరుసుకుని ఎర్రగా కందిపోయాయి. గిన్నె వైపు చూడలేదు. గంగమ్మ గుడి ముందుకు నడిచి, ఆనాడు నిలబడిన చోటే నిలబడింది.

"ఊరందరి ముందరా అన్నాను గదా. ఊరందరి ముందరే సెప్తన్నాను. నాయినా ఢిల్లీరావూ, నీ మీద నాను అన్న మాట..."

ఆగింది. అతని వైపు తిన్నగా చూసింది.

"తీసీసినాను."

జోగమ్మ కర్రతో ఇసుక మీద కొట్టింది. "ముట్టుకోరా," అంది.

ఢిల్లీరావు వంగి, తడి వలను రెండు చేతులతో ఎత్తి మొహానికి ఆనించుకున్నాడు. అతని భుజాలు కదులుతున్నాయి. కాంతమ్మ దగ్గరికి వెళ్లబోయి, వెళ్లలేదు, అక్కడే నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. నేను కూడా దూరంగానే నిలబడ్డాను. అది నా చోటు కాదనిపించింది.

కాసేపటికి అతను తల ఎత్తాడు. గడ్డానికి ఒక చేప పొలుసు అంటుకుని ఉంది. వల కొస ఒకటి పైకెత్తి, చుట్టూ వెతికి, నన్ను చూశాడు.

"బావా," అన్నాడు. "ఏటలా దూరంగా నిల్సున్నావు? బేగి రా. ఈ కొస అట్టుకో."